జెస్కా వద్దన్న గుబ్బకర్ర

"నాకివ్వకు. ఇచ్చినా నేను పుచ్చుకోను."

ఆ మాట అనేసి జెస్కా మళ్ళీ వంగి బీరు వడపోయసాగింది. గొంతు పెంచలేదు. పొయ్యిలో కట్టె ఎగదొయ్యమని చెప్పినట్టు చెప్పింది.

ముచనేత చేతిలో కుండ అలాగే ఉండిపోయింది. వంటగుడిసె నిండా పొగ, పులిసిన రాగుల వాసన. తలుపులోంచి పడ్డ ఎండలో దుమ్ము నెమ్మదిగా తేలుతోంది. వారం రోజులుగా బీరు కుండల దగ్గరే కాపలా, సరైన నిద్ర లేదు. ఆడపడుచు ఈ మాట నిజంగా అందా, తను కునికిపాట్లలో విన్నదా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది ఆమెకి.

"ఏమన్నారు వదినా?"

"విన్నావుగా."

"రేపు పొద్దున చాప మీద కూర్చోవాల్సినదాన్ని. ఇవాళా చెప్పడం?"

"ఇవాళ చెప్పకపోతే రేపు నలుగురిలో చెప్పాల్సొస్తుంది. అప్పుడు నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావు?"

"మీరు వద్దంటే ఎక్కడైనా ఒకటే."

జెస్కా బుట్టలో మిగిలిన పిప్పిని రెండు చేతులా పిండింది. చుక్కలు కుండలో పడ్డాయి.

ముచనేత మొగుడు తవెంగ్వా పోయి ఏడాది దాటింది. రేపు సమాధి మీద బీరు పోసి అతని ఆత్మను ఇంటికి పిలుచుకొస్తారు. ఆ తర్వాత అతని గుబ్బకర్ర ఆమె చేతికిస్తారు. ఆ కర్ర ఎవరి చేతిలో పెడితే వాళ్ళే ఇకమీదట ఆమెకి అండ. మరిది చేతిలో పెడితే మరిదే మొగుడవుతాడు. కొడుకుంటే కొడుక్కివ్వచ్చు, ముచనేతకున్నది షువాయి ఒక్కతే. ఆడపడుచు చేతిలో పెడితే ఏ మగవాడి పొత్తూ లేకుండా ఇదే ఇంట్లో, ఇదే పొలం మీద, కూతురితో కాలం గడుపుకోవచ్చు. ఎవరికీ ఇవ్వనంటే బుహెరలో పుట్టింటికి దారి చూసుకోవాలి. షువాయి మాత్రం తండ్రి వంశానిది, ఇక్కడే ఉండిపోతుంది.

ముచనేత ఏడాదిగా జెస్కా పేరే మనసులో పెట్టుకుని నిశ్చింతగా ఉంది. అడగాలని కూడా తోచలేదు. ఒకే పొయ్యి మీద పదకొండేళ్ళు వండుకున్నవాళ్ళు ఇలాంటివి అడుక్కుంటారా?

"జైరోస్‌కిమ్మంటారు, అంతేగా?" అంది చివరికి. జైరోస్ తవెంగ్వా తమ్ముడు.

"నేనెవరికీ ఇమ్మనలేదు. నాకొద్దన్నాను."

"ఎందుకొద్దు?"

"వద్దంటే వద్దు. చిహెరలకి నోరెక్కువని విన్నాను గాని ఇంత చెవుడని తెలీదు."

మా గుటు ప్రాంతంలో ఇది పాత వేళాకోళం. దుప్పి గోత్రపు ఆడవాళ్ళని చిహెరలంటారు, వాళ్ళు ఎవరి మాటా వినరని పేరు. మామూలు రోజైతే ముచనేత కూడా నవ్వేసేది. ఇవాళ నవ్వు రాలేదు.

"అమ్మా, మేకలు పెండలం పాదులోకి..." అంటూ షువాయి గుమ్మంలోకి వచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల. ఇద్దరి మొహాలూ చూసి మిగతా మాట మింగేసింది.

"తోలుకు రావే మరి, నాకు చెప్తే అవే వస్తాయా," అంది మేనత్త.

షువాయి కదల్లేదు. తల్లి వైపు చూసింది. తల్లి తల ఊపాక వెళ్ళింది.

ఆ పిల్ల అడుగులు దూరమయ్యేదాకా ఆగి ముచనేత అంది: "దాన్ని వదిలి నేను బుహెర పోవాలి. లేదా జైరోస్‌కి రెండో పెళ్ళాన్ని కావాలి. మీకు ఏది ఇష్టం వదినా?"

జెస్కా బుట్ట దులిపి గోడకి ఆనించింది. కళ్ళలోకి పొగ పోయినట్టు మోచేత్తో తుడుచుకుంది. పొగ అప్పటికి సద్దుమణిగింది.

*

"అత్తా, మేనల్లుడి గొంతు ఎండిపోతోంది. నేను రుచి చూడకపోతే ఈ బీరు సంగతి పైనున్న పెద్దలకి ఎవరు చెప్తారు?"

గుమ్మంలో నిలబడ్డ జ్వెన్యికకి అరవై దాటాయి. ముచనేతకి ముప్ఫై ఎనిమిది. అయినా వరసకి అత్త, అతను మేనల్లుడు. ఇలాంటి కార్యాలు నడిపించే హక్కూ, ఎవర్నైనా ఎగతాళి చేసే హక్కూ మేనల్లుడివే, అతను రెండింటినీ తనివితీరా వాడుకునే మనిషి.

సొరకాయ డొప్పతో ఒక గుక్క తాగాడు. మరో గుక్క తాగాడు. ఇద్దరి మధ్యా ఉన్న నిశ్శబ్దం అప్పటికి అతనికి తగిలింది.

"ఏమిటిది, ఇంట్లో ఎవరైనా పోయారా? మామ కాక ఇంకెవరైనా అని."

"తాగి వెళ్ళరా," అంది జెస్కా.

"పిన్ని కోపంగా ఉంది. అయితే సంగతి పెద్దదే." అతను ముచనేత వైపు తిరిగాడు. "సరే గాని, మామ కలలోకి వచ్చాడా? రేపు పెద్దలు అడుగుతారు. చాప మీద నోరు తెరుచుకుని కూర్చోకూడదు."

"వచ్చాడు. ఇవాళే, మధ్యాహ్నం. కుండల దగ్గర కళ్ళు మూతపడ్డాయి."

జెస్కా తల ఎత్తింది.

"ఇంటెనక బండ మీద కూర్చున్నాడు," అంది ముచనేత. చెబుతుంటే ఆ బండ, దాని మీది వెచ్చదనం మళ్ళీ కళ్ళముందుకొచ్చాయి. "కాళ్ళకి చెప్పుల్లేవు. దేన్నో చెక్కుతున్నాడు. దేన్నో కనబళ్ళేదు, పొట్టు మాత్రం గాల్లో ఎగురుతోంది, కింద పడట్లేదు. నన్ను చూసి, ఉప్పెక్కడ పెట్టావన్నాడు."

"ఊఁ?"

"అటక మీద అన్నాను. సరేలే అన్నాడు."

"తర్వాత?"

"అంతే."

జ్వెన్యిక కాసేపు ఆమెనే చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏడాదికి ఒకసారి వచ్చి ఉప్పు అడిగాడా మా మామ. అత్తా, నా మాట విను. ఫలానా వాళ్ళకి కర్ర ఇమ్మన్నాడని చెప్పు. ఎవరో ఒకరి పేరు. కలలో మాట కాదనే మగాడు ఈ ఊళ్ళో లేడు. నీ కష్టం తీరిపోతుంది."

ముచనేత జెస్కా వైపు చూసింది. ఎంత తేలిక. మీ తమ్ముడు మీ పేరే చెప్పాడంటే ఈవిడ మాత్రం ఎలా కాదంటుంది? మాట నాలుక చివరి దాకా వచ్చింది. కాని కలలో మొగుడి మొహంలో ఆ మామూలుతనం గుర్తొచ్చింది, సంత నుంచి వచ్చినవాడిలా, ఇంట్లో మనిషిలా. దాని మీద అబద్ధం పెట్టడం ఆమెకి చేతకాలేదు.

"చెప్పలేదుగా," అంది.

"నీ ఇష్టం. ఉప్పు మోసుకెళ్ళు రేపు చాప మీదికి." డొప్ప కింద పెట్టి అప్పుడు గంభీరంగా గొంతు సవరించుకుని ఆ పాత మాట అన్నాడు.

వారసత్వం ఎలా నిలుపుకోవాలో తెలియాలంటే ముందు నలుగురి ఇళ్ళూ చూసి రావాలని అర్థం వచ్చే మాట ఒకటి మావాళ్ళలో ఉంది. చనిపోయినవాడి ఇల్లు పంచేటప్పుడు అంటారు, కొత్త నాయకుడికి గొడ్డలి చేతికిచ్చేటప్పుడు అంటారు, తండ్రి పాత సైకిలెక్కి ముళ్ళలో పడ్డ కుర్రాడిని చూసి కూడా అంటారు. నా కళ్ళారా చూసిందేమిటంటే, ఆ మాట అనేవాడి వేలు ఎప్పుడూ తనకి నచ్చిన ఇంటి వైపే తిరిగి ఉంటుంది. నచ్చని ఇల్లు పక్కనే ఉన్నా అటు చూపించడు.

జ్వెన్యిక వేలు వాగు అవతలికి తిరిగింది.

"రతిద్జాయి ఇల్లు చూసి రా. మూడేళ్ళ కిందట మరిది చేతిలో కర్ర పెట్టింది. ఇటుకల ఇల్లు, రేకుల కప్పు. పిల్లలు చదువుకుంటున్నారు. జైరోస్ మాత్రం చెడ్డవాడా?"

"చెడ్డవాడు కాదు," అంది ముచనేత. జైరోస్ మీద ఆమెకి కోపం లేదు, అదే బాధ. కోపం ఉంటే కాదనడం తేలికగా ఉండేది.

"వెళ్ళు మరి. ఇంకో డొప్ప కావాలని అడుగు, వంక ఉంటుంది."

జెస్కా వెళ్ళమనలేదు, వద్దనలేదు. ముచనేత పైగుడ్డ తలకి చుట్టుకుని బయటికి నడిచింది.

*

వానలింకా రాలేదు. ఎక్కడో గడ్డి తగలబడుతోంది, ఆ పొగ మూడు రోజులుగా కొండల మీద కదలకుండా ఉంది. రాతి గుట్టలు దగ్గరికొచ్చే కొద్దీ ఒక్కొక్కటిగా బయటపడుతున్నాయి. ముసాసా చెట్లు ఎర్రగా చిగిర్చాయి. ఆ ఎరుపులోంచి నడుస్తుంటే ఆమెకి తన కాళ్ళ చప్పుడు తనకే వినిపించలేదు.

తను ఈ ఊరొచ్చిన రోజు కూడా ఇలాగే చెట్లన్నీ ఎర్రగా ఉన్నాయి. తెల్లగుడ్డ ముసుగులో కొత్తకోడలు, అడుగు తీసి అడుగు వెయ్యనంటుంటే పక్కన జెస్కా. అప్పుడింకా జెస్కా కూడా కాపురం చేసుకుంటున్న మనిషే, తమ్ముడి పెళ్ళికని వచ్చింది. "నడవవే పిల్లా, ఎండ నెత్తికెక్కుతోంది," అని చెవిలో అంటూ చెయ్యి మాత్రం వదల్లేదు. ఆ చెయ్యే ఇవాళ వద్దంటోంది. ముచనేతకి దారి మధ్యలో ఏడుపొచ్చింది. ఎవరూ లేరు గనక ఏడ్చి, మొహం తుడుచుకుని, ఎండిన వాగు దాటింది.

రతిద్జాయి ఇల్లు జ్వెన్యిక చెప్పినట్టే ఉంది. రేకులు మెరుస్తున్నాయి. గుమ్మం ముందు కుక్క ఒకటి లేచి, వాసన చూసి, ఆడమనిషే కదా అన్నట్టు పడుకుంది.

"రా రా," అంది రతిద్జాయి. చాప పరిచింది. వేరుశెనగలు పళ్ళెంలో పోసి ముందుకి తోసింది. డొప్ప గురించి ఎవరూ మాట్లాడలేదు.

"నన్ను చూసి రమ్మన్నారా?"

ముచనేత తల ఊపింది.

"ఈ మూడేళ్ళలో నువ్వు ఐదోదానివి. నేనేదో సంతలో పెట్టిన ఆవునైనట్టు." రతిద్జాయి నవ్వింది. "చూడు మరి. కడుపుకి లోటు లేదు. చెయ్యెత్తి ఎరగడు. మూడు రోజులు ఇక్కడ, నాలుగు రోజులు మొదటి పెళ్ళాం దగ్గర."

"అయితే బాగానే ఉన్నావు."

"బాగానే ఉన్నాను." ఒక శెనక్కాయ ఒలిచి పప్పు నోట్లో వేసుకోకుండా చేతిలోనే పెట్టుకుంది. "ఆయన వచ్చిన ప్రతిసారీ ఈ కుక్క మొరుగుతుంది. మూడేళ్ళయింది. ఇంకా మొరుగుతూనే ఉంది. నేను లేచి ఊరుకోవే అంటాను. ఆయన నవ్వుతూ లోపలికొస్తాడు. ఒక్కోసారి నాకు దానిమీద చెప్పలేనంత కోపం వస్తుంది. ఒక్కోసారి దాని మెడ పట్టుకుని ఏడవాలనిపిస్తుంది."

ఎండ రేకుల మీద టిక్కుటిక్కుమంటోంది. ఇద్దరూ చాలాసేపు శెనక్కాయలు ఒలిచారు, ఎవరూ తినలేదు.

"నేనెవరికీ ఏమీ చెప్పను," అంది రతిద్జాయి. "ఇచ్చెయ్యమనీ అనను, వద్దనీ అనను. కాని ఒకటడుగుతాను. ఇంత దూరం నన్ను చూడ్డానికొచ్చావే, మీ ఇంట్లో ఉన్న మనిషిని చూశావా?"

"ఎవర్ని?"

"మీ ఆడపడుచుని. ఆవిడా ఒకనాడు కర్ర పట్టుకుని చాప మీద కూర్చుంది. ఎవరికిచ్చిందో, తర్వాత ఏమైందో అడిగావా ఎప్పుడైనా?"

ముచనేత ఒలిచిన పప్పు పళ్ళెంలో పెట్టేసి లేచి నిలబడింది. మొగుడు పోయాక జెస్కా తమ్ముడింటికి వచ్చేసిందని తెలుసు. అంతకు మించి తనెప్పుడూ అడగలేదు. ఆ సంగతి తలుచుకుంటే సిగ్గేసింది.

*

తిరిగొచ్చేసరికి జైరోస్ ఆమె గుడిసె కప్పు మీదున్నాడు. నిచ్చెన కింద అతని భార్య ఎనియా గడ్డి మోపులు పైకందిస్తోంది.

"ఎవరెక్కమన్నారు?" అంది ముచనేత.

"కారుతోందట కదా వదినా. ఇదే చెప్పింది," అని అతను భార్య వైపు చూపించాడు. ఓ క్షణం ఆగి, గడ్డి సర్దుతూ అన్నాడు: "నాకిమ్మని నేనడగను. ఇస్తే కాదనను. పెద్దవాళ్ళ ముందు కాదనడం నాకు చాతకాదు."

"తెలుసు."

ఎనియా ఇంకో మోపు ఎత్తింది. "మీ గడ్డి సరిపోయేట్టు లేదక్కా. మా పాకది కొంచెం తెచ్చాను," అంది. తల దించుకునే అంది. చేతులు మాత్రం మోపుని గట్టిగా పట్టుకుని ఉన్నాయి, జైరోస్ రెండుసార్లు లాగితే గాని వదల్లేదు.

ఆ పిల్లని అక్కడికక్కడే దగ్గరికి తీసుకోవాలనిపించింది ముచనేతకి. తీసుకుంటే ఆ పిల్ల ఏమనుకుంటుందోనని ఆగిపోయింది.

జెస్కా గాదె వెనక, సాయంకాలపు నీడలో, పెండలం ఆకు తుంచుతోంది. ముచనేత ఆమె ఎదురుగా నేలమీద కూర్చుంది. తనూ ఆకు తుంచసాగింది.

"మీరెవరికిచ్చారు వదినా?"

జెస్కా చేతులు ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"రతిద్జాయికి నోరాగదు," అంది.

"ఎవరికిచ్చారు?"

"ఇంకెవరికి. మా ఆడపడుచుకి." ఆకు తుంచింది. "నీలాగే. నాకు పిల్లల్లేరు, మరుదులు ముగ్గురు. నేను లేచి నేరుగా ఆవిడ దగ్గరికెళ్ళి ఒళ్ళో పెట్టాను. నవ్వుతూ పుచ్చుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాలుగేళ్ళు మారాణిలా బతికాను ముచనేతా. నా పొలం, నా గుడిసె, నా తలుపు."

"తర్వాత?"

"తర్వాత ఆవిడ పోయింది. జ్వరం. వారం రోజుల్లో పోయింది. ఆవిణ్ణి పాతిపెట్టిన నెలకి మరుదులొచ్చారు. నీ కర్ర పట్టుకున్న మనిషి లేదు కాబట్టి ఆ కర్ర మళ్ళీ మాదే, మళ్ళీ ఎంచుకో అన్నారు. నాకప్పటికి నలభై మూడు. నలభై మూడేళ్ళ ముసల్దాన్ని చాప మీద కూర్చోబెట్టి ఎంచుకోమంటే నాకు అసహ్యమేసింది. ఎంచుకోనన్నాను. అయితే దారి అదిగో అన్నారు."

జెస్కా ఇంకో ఆకు అందుకుంది.

"మీ ఆయన బండి కట్టుకొచ్చాడు. అక్కా, మా మొక్కజొన్నని కోతులు తినేస్తున్నాయి, కాపలాకి మనిషి కావాలి అన్నాడు. ఆ మాటే అందరికీ చెప్పాడు. అక్కని తరిమేశారని ఒక్కడికీ చెప్పలేదు. నీక్కూడా చెప్పలేదు చూడు." జెస్కా చేతిలో ఆకుని కుప్ప మీద వెయ్యకుండా నలిపింది. "నేను తమ్ముడింట్లో ఉన్న మనిషిని. వాడే లేడు. ఆ కర్ర నా ఒళ్ళో పెడితే నేను నిన్నెక్కడ నిలబెడతాను? నాకు యాభై నాలుగు. రేపో ఎల్లుండో నేను పోతే నువ్వు నాలాగే రోడ్డు మీద నిలబడతావు. అప్పుడు నీకు బండి కట్టుకొచ్చే తమ్ముడెవడున్నాడు?"

"ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పుకునే మాటా ఇది?"

"పదకొండేళ్ళు." ముచనేతకి దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి. "పదకొండేళ్ళు ఒకే పళ్ళెంలో సద్జా ముద్ద తుంచుకున్నాం. నన్ను ఊరవతల ఎవరింటికో పంపి చూసి రమ్మన్నారు. చూడాల్సిన మనిషి నా ఎదురుగా కూర్చుని ఆకు తుంచుతోంది."

"నేను పంపలేదు. ఆ తాగుబోతు పంపాడు."

"వద్దనలేదుగా."

గాదె కింద కోళ్ళు సర్దుకుంటున్నాయి. ఇద్దరి మధ్యా ఆకుల కుప్ప పెరిగింది, ఆరుగురు తిన్నా మిగిలేంత.

"ఒక్కటి చెప్పండి," అంది ముచనేత చాలాసేపటికి. ఇప్పుడు గొంతులో కోపం లేదు. "మీరు ఆడపడుచు ఒళ్ళో పెట్టిన రోజు, ఆవిడ పోతే ఆ కర్ర ఏమవుతుందని ఎవరైనా అడిగారా?"

"ఎవరడుగుతారు? అందరూ బీరు తాగుతున్నారు. ఆవిడ కళకళలాడుతూ ఉంది. అలాంటి మనిషి ముందు చావు మాటెత్తితే ఆవిణ్ణి తిట్టినట్టు కాదూ?"

"మీరూ అడగలేదు."

"చాప మీద కూర్చున్న ఆడది నోరు విప్పుతుందా?" అంది జెస్కా. "నేనేం చిహెరనా?"

*

తెల్లవారేసరికి సమాధి మీద బీరు పోశారు. పాడుతూ, కాళ్ళు తాటిస్తూ, తవెంగ్వాని ఇంటికి తెచ్చుకున్నారు. పొగమంచు ఇంకా విడలేదు. ముందు నడిచేవాళ్ళు కనిపించకుండా పాట మాత్రం వినిపిస్తోంది. ముచనేతకి ఆ గొంతుల్లో అతని గొంతు కూడా ఉందనిపించింది. ఉందని నమ్మితే తప్పేముంది, తీసుకొస్తున్నదే అతన్ని కదా.

వాకిట్లో చాప వేశారు. నేలమీద పెట్టిన గుబ్బకర్రని ముచనేత తడబడకుండా దాటింది. ఏడాదిగా పరాయి మగవాడి ఊసు లేని ఆడదే దాన్ని దాటగలదు. ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ సంతోషంగా కూత వేశారు.

జ్వెన్యిక కర్ర తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఇవాళ అతని మొహంలో ఎగతాళి లేదు.

"అత్తా, మామ ఇల్లు నిలబెట్టేవాళ్ళని ఎంచుకో."

మగవాళ్ళు ఒక వరస. జైరోస్ మధ్యలో, చేతులు మోకాళ్ళ మీద. వాళ్ళ వెనక ఎనియా, పిల్లవాణ్ణి వీపుకి కట్టుకుని. పక్కన ఆడవాళ్ళు. వాళ్ళ చివర జెస్కా, దుప్పటి కప్పుకుని, చేతులు రెండూ దుప్పటి లోపల పెట్టుకుని. షువాయి మేనత్త పక్కనే ఉంది. తల్లి మొహం నుంచి చూపు తిప్పడం లేదు.

ముచనేత లేచింది. నిద్రలేమికి నేల కాస్త ఊగింది. మగవాళ్ళ ముందు నుంచి నడిచింది. జైరోస్ అరచెయ్యి సగం తెరుచుకుని, ఆమె దాటిపోయాక మూసుకుంది. వెనక ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు, ఎవరో ఆమె చూడలేదు.

జెస్కా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. అరచేతులు దొప్పలా చేసి మెల్లగా చప్పట్లు కొట్టి నమస్కరించింది. కర్ర ఎత్తి ఆవిడ ఒడి మీదుగా పట్టుకుంది.

జెస్కా చేతులు బయటికి రాలేదు. కళ్ళు నేలమీదే ఉన్నాయి.

"పుచ్చుకో పిన్నీ," అన్నాడు జ్వెన్యిక.

జెస్కా కదల్లేదు. ఆడవాళ్ళలో గుసగుస మొదలైంది.

"ఇంకా ఇవ్వలేదు," అంది ముచనేత.

గుసగుస ఆగిపోయింది. చాప మీదికొచ్చిన విధవ తనంతట తను మాట్లాడటం ఆ వాకిట్లో ఎవరూ విని ఉండరు.

"ఇవ్వలేదంటే?"

"చేతిలోనే ఉంది. వదల్లేదు." కర్రని ఇంకాస్త పైకెత్తింది. "పెద్దల్ని ఒకటడగాలి. ఈవిడకిస్తాను. ఈవిడ పోతే ఈ కర్ర ఏమవుతుంది?"

"అదేం మాట, మంచి రోజున," అన్నారెవరో మగవాళ్ళలో. "కూర్చున్న మనిషి చావు మాటా?"

"తప్పే. ఈవిడ నూరేళ్ళు బతకాలి. కాని ఒకరోజు పోతుంది. ఆరోజు మీరు మా ఇంటికొచ్చి, కర్ర మళ్ళీ మాదే, మళ్ళీ ఎంచుకో అనకూడదు. ఈ ఇల్లూ, ఈ పొలమూ, నా కూతురూ నాతోనే ఉంటాయని, ఆ కర్ర నా దగ్గరే ఉండిపోతుందని, తాగకముందే, ఇక్కడే, మీ నోటితో అనండి. అన్నాకే వదులుతాను."

జ్వెన్యిక నోరు తెరిచి, ఏ పాత మాట అందుకోవాలో తెలియక మూసుకున్నాడు. ఒక పెద్దాయన చిహెరలు అని ఏదో గొణిగాడు గాని ఎవరూ నవ్వలేదు.

కర్ర బరువుకి ముచనేత చేతులు నొప్పెట్టాయి. గుబ్బ వైపు కిందికి వాలసాగింది. కింద పడితే అంతా అయిపోయినట్టే, ఆ సంగతి వాకిట్లో అందరికీ తెలుసు.

అప్పుడు దుప్పటి కదిలింది. జెస్కా రెండు చేతులూ బయటికొచ్చి, వాలుతున్న చివరని పట్టుకున్నాయి. ఒడిలోకి లాక్కోలేదు. గాలిలోనే పట్టుకుంది.

"నేనింకా పుచ్చుకోలేదు," అంది మగవాళ్ళ వైపు చూస్తూ. ఆవిడ కళ్ళెత్తి వాళ్ళని అలా చూడటం పదకొండేళ్ళలో అదే మొదలు. "నా మరదలు అడిగినదానికి జవాబు చెప్పండి. చెప్పేదాకా ఇద్దరం ఇలాగే పట్టుకుంటాం. మధ్యాహ్నమైనా సరే, రేపైనా సరే."

పొగమంచు విడుతోంది. చూపులన్నీ ఒకటొకటిగా జైరోస్ వైపు తిరిగాయి. తవెంగ్వా తర్వాత ఆ ఇంటి మీద మాట చెల్లేది అతనిదే. కర్ర ఈ ఇంట్లో ఉండిపోతుందని అతనంటే, ఇక ఎన్నటికీ అతని ఇంటికి రాదు.

జైరోస్ తన రెండు అరచేతులూ చూసుకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి, భార్య మొహంలోకి చాలాసేపు చూశాడు. ఎనియా తల దించుకోలేదు.

అతను లేచి నిలబడ్డాడు.